ఫ్యామిలీ ఫెస్టివల్‌లో చావు డప్పు

ఆ బోర్డు కట్టింది నేనే. ఫ్యామిలీలకు మాత్రమే అని ఇంగ్లీషులో, అరబీలో రాసి ఉన్న పొడుగాటి ఫ్లెక్సీ. పార్కు గేటు పక్కన ఇనుప బారికేడ్లకు దాన్ని బిగించి, వంకర పోయిందేమోనని రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాను కూడా. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, పెద్దది పదో తరగతి. అయినా దుబాయ్‌లో నేను బ్యాచిలర్‌ని. పెళ్లాం పిల్లలు పక్కన లేనివాడెవడైనా ఇక్కడ బ్యాచిలరే, మనవలను ఎత్తుకున్న ముసలాడైనా సరే. ఈ లెక్క ఎవడు కనిపెట్టాడో గానీ వాడి మొహం ఒకసారి చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

నేను పనిచేసేది టెంట్లు, స్టేజీలు వేసే కంపెనీలో. సామాను యార్డూ, మేముండే లేబర్ క్యాంపూ రెండూ షార్జా పక్కన సజ్జాలోనే, ఫ్యాక్టరీల దుమ్ములో. చలికాలం వస్తే మాకు తల గోక్కునే తీరిక ఉండదు. ఎండలు తగ్గగానే విల్లాల్లో ఉండే జనానికి పండుగలు గుర్తుకొస్తాయి. వారం వారం ఏదో ఒక పార్కులో ఫ్యామిలీ ఫెస్టివల్. పొద్దున్నే లారీ ఖాళీ చేసి స్టేజీ వేస్తాం, టెంట్లు కడతాం, పిల్లలు ఎగిరే గాలి కోటకు తాళ్లు బిగిస్తాం. ఆ తర్వాత వెనక్కి పోయి కూర్చుంటాం. అంతా అయ్యాక మళ్లీ విప్పి లారీకెక్కిస్తాం. నడుమ జరిగే పండుగ మాది కాదు. ఫ్యామిలీల వైపు పోవద్దు, ఫోన్లు తీయొద్దు అని మా సూపర్‌వైజర్ ప్రతిసారీ హిందీలో చెబుతాడు. చెప్పకపోయినా మేం పోము. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు, చెప్పకపోతే ఆయనకు జీతం అరగదు.

అలాంటి ఒక ఫెస్టివల్‌లో నేను చేసిన పని వీడియోగా మా ఊరి దాకా పోయింది. చాలామంది నవ్వారు. నవ్వినవాళ్ల మీద కోపం లేదంటే అబద్ధమవుతుంది. కోపముంది. కానీ వాళ్లకు ముందు సంగతి తెలియదు.

ముందు సంగతంటే మా అన్న.

ఈ కంపెనీకి రాకముందు నేనూ అన్నా ఒకే క్యాంపులో, ఒకే గదిలో ఉండేవాళ్లం. అన్న షట్టరింగ్ కార్పెంటర్, స్లాబులకు చెక్కలు కొట్టేవాడు. నన్ను దుబాయ్‌కి తెచ్చింది ఆయనే, తిట్టి పని నేర్పింది ఆయనే. మా ఊరు జగిత్యాల పక్కన. ఊళ్లో అన్నంటే చావులకు ఆడే మనిషి. మా వైపు మనిషి పోతే డప్పు లేకుండా సాగనంపరు. పాడె ముందు డప్పులోళ్లు, డప్పుల ముందు ఆడేవాళ్లు. ఏడ్చేవాళ్లు వెనక ఏడుస్తారు, ఆడేవాళ్లు ముందు ఆడతారు, రెండూ ఒకటే. ఏ ఇంటి చావైనా, తనతో మాటల్లేని వాడి చావైనా, అన్న భుజం మీది తువాల తీసి చేతికి చుట్టుకుని ముందుకొచ్చేవాడు. మోకాళ్లు కొంచెం వంచి, నడుం వాల్చి, ఒక్కో అడుగూ మట్టిని అడిగి వేస్తున్నట్టు వేసేవాడు. తాగి తూలేవాళ్ల ఆట కాదది. సెలవు మీద ఊరికి పోయిన నెలలో ఎవరైనా పోతే, పాపం వీడొచ్చేదాకా ఆగాడు అనుకునేవాళ్లు.

"గంత మందికి ఎందుకు ఆడుతవన్నా, అందరు మనోళ్లా?" అని ఒకసారి అడిగాను.

"సచ్చినోనికి తొవ్వ సూపియ్యాలెరా," అన్నాడు. "ఉత్తగ పొమ్మంటె యాడికి పోతడు?"

సగం దారిలో పాడెను కిందికి దించుతారు. దాన్ని దింపుడు కల్లం అంటారు. డప్పు ఆగిపోతుంది. అంతసేపూ చెవులు పగిలేటట్టు మోగింది ఒక్కసారిగా ఆగిపోయేసరికి, దూరంగా ఎవరి బావి మీదనో మోటారు నడిచే చప్పుడు కూడా వినిపిస్తుంది. అప్పుడు దగ్గరి మనిషి వంగి, పోయినవాడి చెవి దగ్గర నోరు పెట్టి, వరసతో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే పలుకుతాడని. ఎవరూ పలకరు. ఎవరో ఒక పెద్దమనిషి "ఇగ లేపుండ్రి" అంటాడు. పాడె లేస్తుంది, డప్పు మళ్లీ మొదలవుతుంది. ఆ మాట వినేదాకా ఇంటివాళ్లకు ఏదో ఒక మూల ఆశ ఉంటుంది. విన్నాక ఉండదు. అందుకే ఎవరో ఒకరు ఆ మాట అనాలి.

కరోనా వచ్చిన ఏడు ఎండాకాలంలో అన్నకు జ్వరం తగిలింది. మర్నాడే అంబులెన్సు వచ్చింది. ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి, "ఆ బియ్యం డబ్బ మూత పెట్టు, బొద్దింకలు పడ్తయ్" అన్నాడు. అదే ఆఖరి మాట. ఇంతకంటే మంచి మాట ఏదైనా చెప్పి పోవచ్చు కదా అని ఇప్పటికీ నాకు ఆయన మీద కోపమొస్తుంది. కొన్నాళ్లకు ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. విమానాలు లేవు. ఉన్నా ఆ రోగంతో పోయినవాళ్లను ఊరికి పంపడం లేదు. దహనం ఇక్కడే అన్నారు. నన్నొక్కణ్నే రానిచ్చారు, అదీ దూరంగా నిలబడమని. ఒళ్లంతా తెల్ల బట్టలు తొడుక్కున్న నలుగురు, జిప్పు వేసిన ఒక సంచి. వ్యాను నేరుగా వచ్చింది, సంచి నేరుగా లోపలికి పోయింది. నడుమ ఎక్కడా ఆగలేదు. దించడానికి చోటు లేదు, పిలుద్దామంటే దగ్గరికి రానివ్వరు, డప్పు సంగతి సరేసరి. ఊరందరి చావుకూ ఆడినవాడి చావుకు చిటికెంత చప్పుడు కాలేదు.

తప్పు ఎవరిదీ కాదు. అప్పటి రూలు అది. రూలు మీద కోపమొస్తే ఎవరి గల్లా పట్టుకోవాలి?

ఆ సాయంత్రం వదినకు ఫోన్ చేశాను. వదిన నన్ను తమ్మీ అని పిలుస్తుంది. పెళ్లయి మా ఇంటికి వచ్చేనాటికి నాకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఆనాటి నుంచీ అదే పిలుపు. అప్పటికే విషయం తెలిసి, ఏడ్చి ఏడ్చి గొంతు పూర్తిగా పోయింది. అయినా ఒక్కటే అడిగింది.

"డప్పు కొట్టిచ్చినవా?"

"లేదు వదినా. ఈడ అట్ల..."

"దించి పిలిచినవా?"

"దించనియ్యలే. దగ్గరికే పోనియ్యలే."

ఆ మాట నాతో ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత, "ఊరందరికి ఆడినోన్ని ఊకెనే పంపినవ్," అంది. "ఇగ నాతోని మాట్లాడకు."

మరుసటి ఏడు అస్థికల డబ్బా పట్టుకుని ఊరికి పోయాను. ధర్మపురి పోయి గోదావరిలో కలిపాం. వదిన పక్కనే నిలబడింది, చేయాల్సిందంతా చేసింది, నా మొహం చూడలేదు. ఇంటికొచ్చాక అన్నం పెట్టింది. అడక్కుండానే కూర మళ్లీ వేసింది. మాట మాత్రం పెట్టలేదు. నేను గుమ్మంలో ఉంటే దొడ్లోకి పోయేది, దొడ్లోకి పోతే గుమ్మంలోకి వచ్చేది. నా భార్యతో అన్నదట, "గోదాట్ల కలిపింది బూడిదని. మనిషి ఇంక ఆన్నే ఉన్నడు" అని. సెలవంతా అట్లాగే అయిపోయింది. తిరిగొచ్చేసరికి అన్న మంచం మీద కొత్తవాడెవడో పడుకుని ఉన్నాడు. వాడి తప్పేమీ లేదు, మంచి పిల్లవాడే. అయినా చూడలేక కంపెనీ మారాను.

మారినంత మాత్రాన ఏమవుతుంది? అవే ఇనుప మంచాలు, అదే ఏసీ రొద. సాయంత్రమైతే గదిలో అందరం తలా ఒక ఫోన్ పట్టుకుని ఎవరి ఇంటితో వాళ్లం మాట్లాడుకుంటాం. నాది అయిపోయాక గోడ వైపు తిరిగి పడుకోవడం అలవాటైంది. ఇటు తిరిగితే ఎవరో ఒకరు ఏమైందన్నా అంటారు. చెప్పడం మొదలుపెడితే వినేవాడికి కూడా వాడిది ఒకటి ఉంటుంది. అదీ వినాలి. నా దగ్గర అంత ఓపిక లేదు. అట్లా రెండేళ్లు గోడనే చూశాను.

ఇక ఆ ఫెస్టివల్. దుబాయ్‌లో విల్లాల మధ్య ఒక పెద్ద పార్కు. మొహాలకు రంగులు వేసే టేబుళ్లు, పాప్‌కార్న్ బండి, ముగ్గురు నలుగురు గారడీవాళ్లు, స్కూలు పిల్లల పాటలు. ఆఖరున ఆఫ్రికా సంగీతం, నృత్యం. మధ్యాహ్నం మేం స్టేజీ మీద కేబుళ్లకు టేపు అంటిస్తుంటే ఒక వ్యానులో వాళ్లు దిగారు. డోళ్లు కొట్టేవాళ్లు ముగ్గురు, ఆడేవాళ్లు నలుగురు ఆడవాళ్లు. పెద్ద డోలు కొట్టే అతను నా వయసువాడే, మనిషి మాత్రం నాకు రెండింతలు. ఘానా నుంచి వచ్చాడు. వారమంతా దుబాయ్ నైఫ్ బజారులో ఒక బిల్డింగ్‌కు సెక్యూరిటీ గార్డు, సెలవు రోజు డోలు.

అతను దిగగానే చేసిన మొదటి పని, డోలును తెచ్చి ఎండలో పెట్టి, చర్మం ఉన్న వైపును సూర్యుడి వైపు తిప్పడం. నాకు తెలియకుండానే హిందీలో అనేశాను, మా దగ్గరైతే డప్పు బిగియడానికి గడ్డి మంట పెడతారు అని. అతను తల తిప్పి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. మనవాళ్లతో సైట్లలో పనిచేసి హిందీ నేర్చుకున్నాడట. ముందు తిట్లు, తర్వాత మిగతాది.

"డోలు తెలుసా నీకు? నాచ్ భీ మాలూమ్?" అన్నాడు.

"మేం బ్యాచిలర్లం భాయ్. మాకు నాచ్ గీచ్ ఉండదు," అని గేటు దగ్గర నేను కట్టిన బోర్డు చూపించాను.

అతను కడుపు పట్టుకుని నవ్వాడు. "మై భీ బ్యాచిలర్," అన్నాడు. "చార్ బచ్చే కా బ్యాచిలర్."

చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

తర్వాత వాళ్లు మైకులు సరిచూసుకోవడానికి వాయించారు. అన్నీ జోరుగా పోయే దెబ్బలే. పిల్లలు ఎగరడానికి బాగుంటాయి అనుకుంటూ నా పని నేను చేసుకుంటున్నాను. ఆ తర్వాత ఒకటి మొదలుపెట్టారు. నెమ్మదిగా. టేపు పట్టుకున్న నా చెయ్యి ఆగిపోయింది. అది మా దెబ్బ కాదు. మా డప్పు పుల్లల మీద పలుకుతుంది, ఇది అరచేతి కింద పలుకుతోంది. మోత వేరు. కానీ నడక అదే. బరువు మోసేవాళ్ల నడక. నాలుగు అడుగులు వేసి భుజం మార్చుకునేవాళ్ల నడక.

ఆపగానే దగ్గరికి పోయి అడిగాను, ఇది దేనికి కొట్టేది అని. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు పోయినప్పుడు కొడతారట. శవం ముందు అందరూ ఆడతారట. ఇక్కడ ప్రోగ్రామ్ వాళ్లు దానికి వెల్‌కమ్ డాన్స్ అని పేరు పెట్టుకున్నారు. "ఫ్యామిలీ కో పసంద్ హై. నో ప్రాబ్లమ్," అన్నాడు నవ్వుతూ.

నేను నవ్వలేదు. అతనూ ఆపేశాడు.

ఎందుకు చెప్పానో తెలియదు. మూడేళ్లలో గదిలో పక్క మంచం వాడికి చెప్పనిది అతనికి చెప్పాను. అతనికి నా భాష రాదు, నాకు అతనిది రాదు. బహుశా అందుకే చెప్పగలిగాను. మేరా బడా భాయ్, కరోనా, ఇధర్ హీ ఖలాస్, డోలు నహీ, కుచ్ నహీ. వచ్చిన ముక్కలన్నీ ఏరుకుని చెప్పాను. అతను డోలు మీద చెయ్యి పెట్టి విన్నాడు. వాళ్లమ్మ పోయిన రోజు తను ఇక్కడ గేటు డ్యూటీలో ఉన్నాడట. తమ్ముడు ఫోన్‌లో డోళ్లు వినిపించాడట, బ్యాటరీ అయిపోయేదాకా. అయిపోయాక మిగతాది తనే బల్ల మీద వేళ్లతో కొట్టుకున్నాడట.

అప్పుడు అడిగాను. సాయంత్రం ఇది కొట్టేటప్పుడు నడుమ ఒకసారి ఆపుతావా అని. ఎందుకని అడుగుతాడనుకున్నాను. అతను ఎంతసేపు అని మాత్రమే అడిగాడు.

"మూడుసార్లు పిలిచేంత సేపు," అన్నాను.

"ఓకే భాయ్," అన్నాడు.

నేను అనుకున్నది చిన్న పని. స్టేజీ ముందు కేబుళ్ల దగ్గర పిల్లలు తట్టుకుని పడకుండా చూసే డ్యూటీ ఆ సాయంత్రం నాకే పడింది. బారికేడ్ పక్కన నిలబడి ఉంటాను. డోలు మోగుతుంది, ఆగుతుంది. ఆగినప్పుడు మనసులో పిలుచుకుంటాను. ఎవరికీ తెలియదు. అన్నకు డప్పు మోగినట్టూ ఉంటుంది, దించి పిలిచినట్టూ ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా వదినకు చెప్పుకోవచ్చు, వింటే.

సాయంత్రానికి పార్కు నిండిపోయింది. భుజాల మీద పిల్లలను ఎక్కించుకున్న నాన్నలు, తోపుడు బండ్లలో పసివాళ్లు, దుప్పట్లు పరుచుకుని కూర్చున్న ముసలివాళ్లు. తెలుగువాళ్లు కూడా వచ్చారు. "చిన్నూ, అటు పోకురా, వైర్లున్నాయి" అని ఒకావిడ నా పక్క నుంచే పోయింది. నా ఒంటి మీద మెరిసే పసుపు జాకెట్ ఉంది. ఆమె నన్ను చూడలేదు, జాకెట్‌ను చూసి పక్కకు తప్పుకుంది. నా భాష నన్ను రాసుకుంటూ పోతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. క్యాంపులో కూడా ఎప్పుడూ అంత ఒంటరిగా అనిపించలేదు నాకు. అక్కడ అందరం అటువంటివాళ్లమే.

ఆఫ్రికా వాళ్ల వంతు వచ్చింది. పూల అచ్చుల బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు, కాళ్లకు గవ్వల పట్టీలు. వాళ్లు అడుగు వేస్తే స్టేజీ చెక్కలు పలికాయి. పొద్దున మేం బిగించిన చెక్కలే, మాకు ఎప్పుడూ అట్లా పలకలేదు. జనం ఊగిపోయారు. తర్వాత యాంకర్ అమ్మాయి మైకులో, ఇప్పుడు వెల్‌కమ్ డాన్స్, అందరూ ముందుకొచ్చి ఆడండి అంది. పిల్లలు పదిమంది దాకా వచ్చారు. పెద్దవాళ్లందరూ ఫోన్లు పైకెత్తారు. మనుషుల దగ్గర చేతులు ఖాళీగా ఉంటే కదా ఆడేది.

ఆ నెమ్మది దెబ్బ మొదలైంది.

నేను పోవాలనుకోలేదు. ఇది నిజం. ఉద్యోగం పోతుందని తెలుసు, సూపర్‌వైజర్ ఎక్కడ నిలబడ్డాడో కూడా తెలుసు. అయినా కాళ్లు పోయాయి. ఎండకు తలకు చుట్టుకున్న తువాల ఎప్పుడు విప్పానో, ఎప్పుడు చేతికి చుట్టుకున్నానో గుర్తు లేదు. బతుకంతా నేను చావుల్లో ఆడలేదు. అన్న ఆడుతుంటే పక్కన నడిచానంతే. ఆ అడుగు నా కాళ్లలోకి ఎప్పుడు వచ్చి కూర్చుందో నాకే తెలియదు. మోకాళ్లు వంగాయి, నడుం వాలింది. ఇనుప ముక్కుల సేఫ్టీ బూట్లు గడ్డి మీద బరువుగా పడ్డాయి. మా ఊరి దారిలో పోతున్నట్టే పోయాను. ఎడమ పక్కన ఎవరి ఇల్లు వస్తుందో, ఎక్కడ మలుపు తిరగాలో అన్నీ తెలిసినట్టే ఉంది.

చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో ఈల వేశారు. ఎవరో ఇంగ్లీషులో, చూడు ఎంత సంతోషంగా ఉన్నాడో అన్నారు. ఆ ముక్క నాకు అర్థమైంది. ఆ మనిషి దగ్గరికి పోయి ఫోన్ లాగి నేలకేసి కొట్టాలనిపించింది. కానీ నడుమ ఆగకూడదు కదా. ఆడుతూనే ఉన్నాను. కళ్లలో నుంచి నీళ్లు కారుతున్నాయి. చెమట అనుకుని ఉంటారు.

డోలు ఆగింది.

అయిపోయిందనుకుని కొందరు చప్పట్లు కొట్టి, కాలేదని చూసి ఆపేశారు. అంత పెద్ద పార్కులో ఒక్క క్షణం అంతా సద్దుమణిగింది. దూరంగా గాలి కోటకు గాలి కొట్టే మోటారు చప్పుడు వినిపించింది. నేను మోకాళ్ల మీద కూర్చుని, వంగి, గడ్డికి నోరు ఆనించినంత దగ్గరగా పెట్టి పిలిచాను. అన్నా. అన్నా. అన్నా.

తల తిప్పి చూస్తే పక్కన పిల్లలందరూ నాలాగే వంగి ఉన్నారు. గడ్డికి చెవులు ఆనించి వింటున్నారు, అదేదో ఆట అనుకుని. బుగ్గ మీద సీతాకోకచిలుక రంగు వేయించుకున్న ఒక పాప నా మొహం వైపు చూసి, తెలుగులోనే అడిగింది, "లోపల ఎవరున్నారు అంకుల్?"



డోలు మళ్లీ మొదలైంది. మాట ప్రకారం మూడుసార్లు పిలిచేంత సేపే ఆపాడు అతను. పిల్లలు లేచి గంతులేశారు. నేను లేవలేకపోయాను. లేవమని ఎవరైనా అనాలి. అక్కడ ఎవరికి తెలుసు అనాలని? అట్లాగే కూర్చుండిపోయాను. సూపర్‌వైజర్ వచ్చి చంకలో చెయ్యేసి లేపి, జనానికి నవ్వు మొహం చూపిస్తూ, నాకు మాత్రం వినబడేటట్టు తిడుతూ వెనక్కి తీసుకుపోయాడు. పోతూ పోతూ చూశాను. అతను డోలు వాయిస్తూ నా వైపే చూస్తున్నాడు.

సూపర్‌వైజర్ నన్ను వెనక కేబుల్ పెట్టె మీద కూర్చోబెట్టి ఇంకా తిట్టబోయాడు గానీ, ఇంతలో ప్రోగ్రామ్ వాళ్ల మేడమ్ వచ్చి ఆ మనిషి చాలా బాగా చేశాడు, వచ్చేసారి కూడా పంపండి అంది. దాంతో సూపర్‌వైజర్‌కు తిట్లు మింగక తప్పలేదు. నాకు ఒక చల్లని నీళ్ల సీసా ఇచ్చి పోయాడు.

మేం బారికేడ్లు విప్పుతుంటే ఆ డోలాయన వ్యాను ఎక్కబోతూ నా దగ్గరికొచ్చాడు. నా చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అతని అరచేతులు కాయలు కాసి ఉన్నాయి.

"భాయ్ గయా?" అని అడిగాడు.

"మాలూమ్ నహీ," అన్నాను. నిజంగానే తెలియదు.

మర్నాటికల్లా వీడియో ఊరు చేరింది. దుబాయ్‌లో మనోడి ఊరమాస్ స్టెప్పులు అని ఎవరో పేరు కూడా పెట్టారు. నా చిన్నప్పటి దోస్తులు నవ్వే బొమ్మలు పంపారు. అన్న పోయి మూడేళ్లే అయింది, తమ్ముడు ఎగురుతున్నాడు అని కూడా ఒకరిద్దరు అన్నారట. సాయంత్రం నా భార్య ఫోన్ చేసింది.

"ఏందయ్యా గిది? ఊరంత సూత్తాండ్రు."

"వదిన సూసిందా?"

"సూసింది. నా ఫోన్ అడుక్కొని తీస్కపోయి తలుపేస్కున్నది."

"ఏమన్నది?"

"ఏమనలే. పొద్దుగూకినంక ఫోన్ తెచ్చిచ్చింది, గంతే."

నాలుగు దినాలు నా మనసు మనసులో లేదు. ఆమె నాతో మాట్లాడకపోవడం పాతదే. కానీ ఇప్పటిదాకా మాట్లాడనిది ఒక లెక్క. మొగుడు పోయిన ఊళ్లోనే మరిది గంతులేశాడని అనుకుంటే అది ఇంకో లెక్క. ఇక ఎన్నటికీ మాట్లాడదు. చెప్పుకుందామని ఫోన్ తీసేవాణ్ని, ఏమని మొదలుపెట్టాలో తెలియక జేబులో పెట్టేవాణ్ని. అన్నను సాగనంపబోయి వదినను కూడా పోగొట్టుకున్నానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఐదో రోజు యార్డులో టెంటు గుడ్డలు మడతపెడుతుంటే ఫోన్ మోగింది. వదిన నంబరు. ఆ పేరు ఫోన్ మీద చూసి మూడేళ్లయింది. గుడ్డ కొస వదిలేసి పక్కకు వచ్చాను.

బాగున్నావా అనలేదు. "తువాల చేతికి సుట్టుకున్నవ్," అంది.

"ఊఁ."

"మీ అన్న లెక్కనె."

నేను లారీ నీడలోకి జరిగాను.

"ఆ డోలు కొట్టెటాయినకు ఎట్ల తెల్సు, నడుమ ఆపాలెనని?"

"నేనే చెప్పిన వదినా. ఆయినది గూడ సావు డప్పే. ఆల్ల ఊరిది."

"అనుకున్న," అంది. "అందరు నవ్విండ్రు. నాకు నడక తెల్వదా?" ఇంకోటి అడిగింది. "వంగినప్పుడు నీ నోరు కనవడ్తలేదు. పిలిచినవా?"

"పిలిచిన."

"మూడుసార్లు?"

"మూడుసార్లు."

"పలికిండా?"

ఆ ఒక్క మాట అడగడానికి ఆమె గొంతు చిన్నపిల్ల గొంతు అయిపోయింది. అబద్ధం చెప్పగలిగితే బాగుండుననిపించింది.

"లేదు వదినా."

అటువైపు నుంచి ఏడుపు వినిపించింది. మూడేళ్ల కింద నా దగ్గర ఏడవని ఏడుపు. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. వద్దని అనలేదు, ఊరుకోమని అనలేదు. చాలాసేపటికి ముక్కు చీదుకుని, పాత వదినలాగే, కోపంగానే అంది.

"డప్పు మల్ల మోగింది, నువ్వు లేవలె. మల్ల మల్ల సూసిన, నువ్వు లేవనే లేవలె. దించినోన్ని దించినట్టే ఆ గడ్డిల ఇడిసిపెట్టి అచ్చినవ్."

"ఎవ్వలు అనలే వదినా."

"ఆడ ఎవలంటరు? నేనంటున్న." ఊపిరి తీసుకుంది. "ఇగ లేపు తమ్మీ."

ఫోన్ చెవికి పెట్టుకునే నడవడం మొదలుపెట్టాను. మడతపెట్టిన టెంటు గుడ్డల మధ్య నుంచి, లారీల పక్క నుంచి, మోకాళ్లు కొంచెం వంచి, నెమ్మదిగా. ఆమె అటు ఏడుస్తూనే ఉంది, ఫోన్ పెట్టలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఎక్కడికని చెయ్యి ఊపాడు. నేను ఆగలేదు.